ముందు చెరువు, తర్వాత ట్యూబు

సియాటిల్ తూర్పు శివార్లలో కొలువులు చేసుకుంటున్న మనవాళ్ళలో గాలం పట్టేవాళ్ళు తక్కువ. ఆ తక్కువమందిలో నాకు బాగా తెలిసిన బావా బావమరుదులు ఇద్దరున్నారు. ఊరు ఖమ్మం వైపు. బావ చాలా ఏళ్ళుగా వాషింగ్టన్ రాష్ట్రంలో ట్రౌట్ చేపల వెంట తిరుగుతున్నాడు. బావమరిది నిరుటిదాకా గట్టు మీద నిలబడే విసిరేవాడు, ఈ ఏడు నీళ్ళలోకి దిగి తీరతానంటున్నాడు. అందుకు ఫ్లోట్ ట్యూబు కావాలి. గాలి నింపిన ఆసనం మీద ఒక్క మనిషి కూర్చుని, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి, పాదాలకు తొడిగిన ఫిన్లతో తన్నుకుంటూ వెనక్కి వెనక్కి పోయే సాధనం అది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి కాబట్టి రాడ్డు పట్టుకోవచ్చు. ఏది కొనాలన్న దగ్గర ఇద్దరికీ పొసగలేదు. నేను పక్కన కూర్చుని విన్నాను, ఊరుకోలేక ఒకటి రెండు చోట్ల కల్పించుకున్నాను.

బావమరిది: ట్యూబు సంగతి తర్వాత బావా. నేను పాంటూన్ బోటే కొందామనుకుంటున్నా. రెండు పొడుగాటి గాలి తిత్తులు, మధ్యన ఇనుప చట్రం, దాని మీద కుర్చీ, అటో తెడ్డు ఇటో తెడ్డు. దర్జాగా నీళ్ళకి పైన కూర్చోవచ్చు, లంగరు వేసుకోవచ్చు. నీలాగా నడుందాకా నానుతూ కూర్చోవడం నావల్ల కాదు.

బావ: బాగానే ఉంది. ఎక్కడ దింపుతావు దాన్ని?

బావమరిది: ఎక్కడైనా దింపుతా. నీళ్ళుంటే చాలదా?

బావ: చాలదు. లెనీస్ లేకుకి వెళ్దాం అని నువ్వేగా ఏడాదినుంచి నా ప్రాణం తీస్తున్నావు. క్రాబ్ క్రీక్ లోయలో కారు ఆపేశాక అక్కణ్ణించి ఇసుక దారిలో, సేజ్ పొదల మధ్య నడిచి పోవాలి. చట్రమూ తెడ్లూ అన్నీ కలిపితే పాంటూన్ పాతిక ముప్ఫై కిలోలకి తక్కువ ఉండదు. నీళ్ళు చొరని వేడర్ లాగులు, ఫిన్లు, రాడ్డు, నీళ్ళ సీసా వేరే. నా ట్యూబు ఆరేడు కిలోలు. పట్టీలు భుజాలకి తగిలించుకుని బ్యాగులా మోసుకుపోతాను. నువ్వు రెండు విడతలు తిరిగి సామాను చేర్చి, చట్రం బిగించేలోపల పొద్దుటి చేప అయిపోతుంది.

బావమరిది: లెనీస్ ఒక్కటేనా ఏంటి? డ్రై ఫాల్స్ ఉంది, లెనోర్ ఉంది, మన ఇంటికి దగ్గర్లో రాటిల్‌స్నేక్ ఉంది.

బావ: అదే నేననేది. ఆ మూడూ మూడు రకాల నీళ్ళు. డ్రై ఫాల్స్ చిన్న మడుగు. మంచుయుగపు వరదలు మూడున్నర మైళ్ళ వెడల్పున, నాలుగు వందల అడుగుల ఎత్తునుంచి దూకిన కొండచరియ కింద మిగిలిపోయిన నీరు. గోడల చాటు ఉంది కాబట్టి గాలి కాస్త తక్కువ, ట్యూబుకి అచ్చొచ్చిన చోటు. లెనోర్ అలా కాదు. పొడుగ్గా, లోయ వెంబడి గాలి దారిలో పరుచుకుని ఉంటుంది. నీటిలో క్షారం ఎక్కువ, మామూలు ట్రౌట్ బతకదు. అందుకని నెవాడా వైపు ఉప్పుచెరువుల్లో బతికే లహొంటన్ కట్‌త్రోట్‌ని తెచ్చి వదిలారు. అక్కడ మధ్యాహ్నం గాలి లేచిందంటే నా కాళ్ళు దానికి చాలవు. నీ తెడ్లే నయం, ఒప్పుకుంటాను.

బావమరిది: ఒప్పుకున్నావు కదా. మరి ఎందుకీ గొడవ?

బావ: ఏడాదిలో లెనోర్‌కి ఒకసారి వెళ్తావేమో. తక్కిన ఆదివారాలన్నీ రాటిల్‌స్నేక్‌కే. ఎప్పుడో వెళ్ళే చెరువు కోసం కొని, ఎప్పుడూ వెళ్ళే చెరువు దగ్గర అవస్థపడతానంటున్నావు.

(ఈ ముక్క నాకు నచ్చింది. కేటలాగులు చూసేవాళ్ళెవరూ దీని దగ్గర ఆగరు. జేబులు ఎన్ని, కప్పు పెట్టుకునే చోటుందా, రాడ్డు స్టాండు ఎటువైపు అని లెక్కలేస్తారు. కారు నుంచి నీటి దాకా ఎంత నడవాలో రాసిన కేటలాగు నేనింతవరకు చూడలేదు.)

బావమరిది: సరే, ట్యూబే అనుకుందాం. గుండ్రటిది వంద డాలర్లలోపే వస్తోంది. పాలేరు రిజర్వాయర్లో మనవాళ్ళు లారీ ట్యూబు మీద కూర్చుని వల విప్పడంలా? వాళ్ళకి లేని హంగులు నాకెందుకు?

బావ: అమెరికాలోనూ అదే మొదలు. లారీ ట్యూబుకి కాన్వాసు గుడ్డ తొడిగి, మధ్యలో గుడ్డ ఆసనం కుట్టుకుని దిగేవాళ్ళు. తర్వాత కంపెనీలు దాన్నే కొత్తగా కుట్టి అమ్మాయి. కానీ మన జాలరికీ నీకూ ఒక తేడా ఉంది. ఆయన ట్యూబు మీద ఉంటాడు, ఈత వచ్చు, లుంగీ ఎగ్గట్టి ఉంటాడు, నీళ్ళు గోరువెచ్చన. నువ్వు గారె మధ్య చిల్లులో కాళ్ళు దూర్చి కూర్చుంటావు. రొమ్ము దాకా వేడర్లు, కాళ్ళకి బారెడు ఫిన్లు. అది తిరగబడిందంటే నువ్వు తలకిందులుగా దానికే చిక్కుకుంటావు. ఒడ్డున ఎక్కేటప్పుడు కూడా ఫిన్లు తొడుక్కుని ఆ చిల్లులో అడుగు పెట్టబోయి పడేవాళ్ళే ఎక్కువ.

బావమరిది: అందుకని ముందువైపు తెరిచినవి వచ్చాయంటావు.

బావ: అంతే. యూ ఆకారం, వీ ఆకారం. రెండింట్లోనూ వెనక్కి నడిచి ఆసనం మీద కూలబడటమే. ఏదన్నా జరిగితే ముందుకి జారి బయటపడొచ్చు. చేపని దగ్గరకి లాక్కోవడానికీ అడ్డుండదు. ఒళ్ళో అడ్డంగా ఒక బద్ద, దాని మీద వల గుడ్డ కట్టుకుంటావు, లాగిన దారమంతా దాని మీద పడుతుంది. యూ కంటే వీ కాస్త వేగంగా పోతుంది. మనం వెనక్కి కదా పోయేది, వీపు వెనక ఉన్న మొన నీళ్ళని చీలుస్తుంది. యూ ఉన్నచోట నిలకడగా తిరగడానికి బాగుంటుంది. ఆ తేడాకి ప్రాణాలు తీసుకోనక్కర్లేదు.

బావమరిది: ఆకారం వదిలెయ్. నాకు ఆసనం ఎత్తు కావాలి. మొన్న దుకాణంలో రెండూ చూశాను. ఒకటి తాడుకి వేలాడేసిన గుడ్డలాంటిది, కూర్చుంటే తొడలు మునుగుతాయి. ఇంకొకటి మందపాటి ఫోము ఆసనం, మోకాళ్ళ కింద వరకే నీళ్ళు. రెండోదే కావాలి.

బావ: ఎత్తుగా కూర్చుంటే నీ ఒళ్ళే గాలికి తెరచాప. పైగా బరువు పైకి పోతుంది. తొడల దాకా నీళ్ళలో ఉంటే తన్నుకి బలం వస్తుంది. నేను అన్నేళ్ళు అలాగే చేశాను.

బావమరిది: అందుకే నవంబరు వచ్చేసరికి నీ మోకాళ్ళు అక్క చేత నూనె రాయించుకుంటున్నాయి.

ఇక్కడ నేను కల్పించుకున్నాను. నా లెక్కలో గెలుపు బావమరిదిదే. వసంతంలో తూర్పు వాషింగ్టన్ చెరువుల నీరు పది డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఆ నీటిలో గంటల తరబడి కూర్చునేవాడికి తొడలూ నడుమూ పొడిగా ఉండటం సుఖం మాత్రమే కాదు, వేళ్ళు పనిచేయడానికీ అదే ఆధారం. ఒంట్లో వేడి పోతే ముందు చేతులే మొద్దుబారతాయి, ముడి వేయలేం, జిప్పు లాగలేం. బలంగా తన్నడం గురించి బావ చెప్పింది నిజమే, దాని విలువ చిన్నది. ఎత్తు ఆసనానికి ఇంకో లాభం ఉంది: కూర్చున్నవాడి కంటికి నీటిలోపల కలుపు అంచు, చేప తిరిగిన నీడ ఇంకాస్త బాగా ఆనుతాయి. గాలికి ఎదురు ఎక్కువన్న మాట ఒక్కటే దానికి పెట్టవలసిన ఖరీదు.

బావ: సరే, ఎత్తుదే తీసుకో. కానీ లోపలి బ్లాడర్ దగ్గర నా మాట వినాలి. చవకవాటిలో వినైల్ బ్లాడర్ ఉంటుంది. చలికి బిరుసెక్కుతుంది, మడతల దగ్గర పగులుతుంది. యూరెథేన్‌ది తేలిక, గట్టిది, చిల్లు పడినా అతుకు బాగా పడుతుంది. ఇప్పుడు బ్లాడరే లేకుండా మందపాటి పీవీసీ గుడ్డతోనే తిత్తి అతికినవి కూడా వస్తున్నాయి, రాఫ్టులకి వాడే పద్ధతి. అవి త్వరగా ఆరతాయి, బరువు కాస్త ఎక్కువ.

బావమరిది: అన్నిటికంటే ముందు చూడాల్సింది గదులు కదా? ఒకటి పేలితే ఇంకొకటి ఉండాలి.

బావ: ఆ మాట నీ నోట రావాలనే చూస్తున్నా. కుడి తిత్తి వేరు, ఎడమది వేరు, వీపు ఆనేది ఇంకోటి. ఏదో ఒకటి పోయినా తక్కినవాటి మీద ఒడ్డు చేరాలి. రాటిల్‌స్నేక్‌లో ఇది పుస్తకంలో మాట కాదు. అక్కడ నీరు తగ్గితే పాత చెట్ల మొద్దులు ఎన్ని బయటపడతాయో చూశావుగా.

బావమరిది: ఆ మొద్దులేంటి బావా, అడుగుదామనుకుంటూనే ఉన్నా.

బావ: ఆ నీళ్ళ కింద ఒక ఊరుండేది, మాంక్టన్ అని. సీడర్ నది మీద మేసన్రీ డ్యామ్ కట్టాక, వెనక నిలిచిన నీరు పక్కనున్న హిమానీ మట్టిదిబ్బలోంచి ఊటగా దిగి 1915లో ఊరిని నెమ్మదిగా ముంచేసింది. జనం బయటపడ్డారు, ఇళ్ళు తేలాయి. మొద్దులు మాత్రం అక్కడే ఉన్నాయి. ఎండాకాలం చివర వెనక్కి తన్నుకుంటూ పోయేవాడు వాటిని చూడడు. అందుకే ప్రతి పది తన్నులకీ ఒకసారి భుజం మీంచి వెనక్కి చూడు.

బావమరిది: గాలి ఎంత కొట్టాలి? ఇంటి దగ్గరే బిర్రుగా కొట్టి కారు పైన కట్టేసుకుంటే అక్కడ పంపుతో కుస్తీ ఉండదు.

బావ: ఆ పని చెయ్యకు. ఇక్కణ్ణించి లెనీస్‌కి వెళ్ళాలంటే స్నోక్వాల్మీ కనుమ దాటాలి, అది మూడు వేల అడుగుల ఎత్తు. అక్కడ బయటి వాయుపీడనం ఇక్కడికంటే చదరపు అంగుళానికి ఒకటిన్నర పౌండు తక్కువ. నువ్వు రెండు పౌండ్లకి బిగిస్తే కనుమ మీద అది మూడున్నరలా ఉబ్బి కుట్ల మీద పడుతుంది. అవతలికి దిగాక ఎండ. పొద్దున పదిహేను డిగ్రీల్లో నింపిన గాలి నల్లటి గుడ్డ కింద నలభై ఐదుకి చేరిందంటే రెండు పౌండ్లది మళ్ళీ మూడున్నర దాటుతుంది. భోజనానికి ఒడ్డుకొచ్చినప్పుడు కాసింత గాలి వదిలేసి నీడన పెట్టాలి.

బావమరిది: నీళ్ళలోకి దిగితే చల్లబడి మెత్తబడుతుంది కదా, అప్పుడో?

బావ: అవును, అందుకే దిగిన పావుగంటకి ఒకసారి నొక్కి చూసుకుని, మెత్తగా ఉంటే ఒడ్డుకొచ్చి నాలుగు పంపులు కొట్టు. వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి. అంతకుమించి కొలత నాకు తెలియదు, తయారుచేసినవాడు వాల్వు పక్కన రాసింది చదువు.

బావమరిది: బరువు పరిమితి కూడా రాశారు. 250 పౌండ్లు. నేను 190. లెక్క సరిపోయింది.

బావ: సరిపోలేదు. తడిసిన వేడర్లు, ఫిన్లు, జాకెట్టు, నీళ్ళు, గాలాల డబ్బాలు, కెమెరా. ఇంకో ముప్ఫై పౌండ్లు వేసుకో. పరిమితి దగ్గరికి పోయేకొద్దీ కిందికి కూరుకుపోతావు, నువ్వు డబ్బు పోసి కొన్న ఎత్తు ఆసనం నీళ్ళలోనే ఉంటుంది. మూడు వందలది చూడు.

బావమరిది: రంగు మాత్రం ఆలివ్ తీసుకుంటా. చేపలకి కనపడకూడదు.

బావ: చేపలకి నీ ఫిన్లు కనపడతాయి, ట్యూబు రంగు కాదు. నువ్వు కనపడాల్సింది పడవవాళ్ళకి. లెనీస్‌లో ఇంజిన్ పడవలు ఉండవు, సరే. రేప్పొద్దున ఇంకోచోటికి పోతావు. నీటి మట్టానికి ఒక మనిషి తలా భుజాలూ మాత్రమే కనిపించే చోట ఆలివ్ రంగేమిటి? నారింజ రంగు టోపీ అయినా పెట్టుకో.

రంగు గురించి వాళ్ళిద్దరూ చాలాసేపు కొట్టుకున్నారు, అదంతా ఇక్కడ అనవసరం. ఆలివ్ ట్యూబు, నారింజ టోపీ అన్న రాజీ కుదిరింది.

బావమరిది: ఇప్పుడు నా అసలు అభ్యంతరం విను. కైరనామిడ్ వేట. ఆ పురుగు ప్యూపా అడుగు మట్టిలోంచి లేచి అంగుళం అంగుళంగా పైకొస్తుంది, ట్రౌట్ నోరు తెరుచుకుని అడుగున తిరుగుతూ ఏరుకుంటుంది. బెండు కట్టి, గాలాన్ని అడుగుకి ఒక అడుగు పైన కదలకుండా వేలాడెయ్యాలి. చెరువు వేటలో పెద్ద చేపలు ఎక్కువగా పడేది ఆ పద్ధతిలోనే అని చెప్పింది నువ్వే. ట్యూబు చిరుగాలికే గిర్రున తిరిగిపోతుంది. పాంటూన్‌కి లంగరు వేసి కదలకుండా కూర్చుంటా.

బావ: అది నిజం. ఫిన్లతో మెల్లగా ఎదురు తన్నుతూ ఉన్నచోట నిలబడొచ్చు కానీ...

బావమరిది: మూడు గంటలా?

బావ: గంట. తర్వాత పిక్కలు పట్టేస్తాయి. లంగరు ట్యూబుకీ అమ్ముతారు. నేను వాడను. తాడు ఫిన్లకి చుట్టుకుంటుంది, గాలి పెరిగితే లంగరు కట్టిన పక్క కిందికి లాగుతుంది. వాడతానంటే ఒక్క లాగుతో విడిపోయే ముడి వెయ్యి, కత్తి చేతికందేలా పెట్టుకో. కానీ ఒకటి చూడు. నీ పాంటూన్ చేయలేని పని నా ట్యూబు చేస్తుంది. వూలీ బగ్గర్ అనే గాలం కట్టి ఇరవై గజాల దారం వదిలి ఊరికే తన్నుకుంటూ పో. మనం పోయేది వెనక్కి, దారం మన కళ్ళ ముందే ఉంటుంది. గాలం నడక నీ కాళ్ళ నడక. ఒక కాలు గట్టిగా తన్నితే ఎగురుతుంది, ఆపితే కుంగుతుంది. చేప ఎక్కువగా ఆ కుంగేటప్పుడే పట్టుకుంటుంది. చేతులు రెండూ రాడ్డు మీదే. తెడ్లు వేసేవాడు ఏ చేత్తో పట్టుకుంటాడు?

బావమరిది: పాంటూన్ మీద కూడా ఫిన్లు వేసుకుంటారు బావా.

బావ: వేసుకుంటారు. అప్పుడు తెడ్లెందుకు?

బావమరిది: గాలికి.

ఈ మాటకి బావ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. గంటకి మైలో మైలున్నరో నడిచే కాళ్ళు ఎదురుగాలిలో ఓడిపోతాయి. ట్యూబువాడికి ఉన్నది ఒక్కటే జాగ్రత్త: వెళ్ళేటప్పుడే గాలికి ఎదురుగా వెళ్ళాలి, అలిసిపోయాక గాలే ఇంటివైపు తోసుకొస్తుంది. అది కూడా గాలి దిశ మారనంతసేపే. మారితే సిగ్గుపడకుండా దగ్గరి ఒడ్డు ఎక్కి, ట్యూబు భుజాన వేసుకుని నడిచి రావాలి. ఆరేడు కిలోల బరువు మళ్ళీ అక్కడ అక్కరకొస్తుంది.

బావ: పాంటూన్‌కి పెట్టాలనుకున్న ఎనిమిది వందల్లో ట్యూబుకి మూడు వందలు చాలు. తక్కిన ఐదు వందలు ఎక్కడ పెట్టాలో చెప్తా విను. ఫిన్లు మొదట. వేడర్ల మీద తొడిగే, మడమకి పట్టీ ఉన్నవి. మరీ పొడుగువి వద్దు, మోకాలు పోతుంది. రెండు ఫిన్లకీ తాడు కట్టుకో. ఒకటి ఊడి మునిగిందంటే మిగిలినదాంతో అక్కడే గుండ్రంగా తిరుగుతావు. తర్వాత వేడర్లు, వాటి కింద ఉన్ని లాగు రెండు పొరలు. నడుముకి బెల్టు బిగించాల్సిందే.

బావమరిది: వేడర్లలోకి నీళ్ళు పోతే రాయిలా అడుక్కి లాగేస్తాయట.

బావ: లాగవు. నీళ్ళలో ఉన్నంతసేపు ఆ నీళ్ళకి బరువేం ఉంటుంది? ఒడ్డెక్కేటప్పుడు తెలుస్తుంది, కాళ్ళు లేవవు. ఆలోపల చలి పని చేస్తుంది. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అని చల్లటి నీళ్ళలో పడ్డ మనిషికి ఏమవుతుందో పరిశోధించాడు. ఆయన లెక్క 1-10-1. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పినమాట వినేది పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి గంట. లైఫ్ జాకెట్ ఆ మొదటి నిమిషం కోసం. భుజాల మీద పట్టీల్లా ఉండి, తాడు లాగితే గాలి నిండేవి దొరుకుతాయి, విసరడానికి అడ్డం రావు. అది వేసుకోనివాణ్ణి నా కారెక్కించుకోను.

బావమరిది: మా అక్కకి ఇచ్చిన మాటా అది?

బావ: మీ అక్కకి ఇచ్చిన మాటే. ఇంకోటి. ఇంటికొచ్చాక జేబులన్నీ తిరగేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ట్యూబు మడతల్లో కలుపు ముక్కలు, కంటికి ఆనని నత్తలు ఒక చెరువునుంచి ఇంకో చెరువుకి ప్రయాణం చేస్తాయి. ఒలింపియాలో క్యాపిటల్ లేకుని 2009లో న్యూజిలాండ్ మట్టినత్తల మూలానే మూసేశారు.

బావమరిది: సరే. వీ ఆకారం, ఎత్తు ఆసనం, యూరెథేన్, మూడు వందల పౌండ్లు. ఈ శనివారం రాటిల్‌స్నేక్. ఐదింటికి బయల్దేరదామా?

బావ: తొమ్మిదింటికి చాలు. రాడ్డు తీసుకురాకు.

బావమరిది: అదేంటి బావా?

బావ: మొదటిరోజు నడుం లోతు నీళ్ళలో ఎక్కడం, దిగడం, వెనక్కి నడవడం, కావాలని ముందుకి జారిపడి మళ్ళీ ఎక్కడం. ఫిన్లతో తిన్నగా పోవడమే గంటసేపు రాదు. చేతిలో రాడ్డుంటే ఇవేవీ చెయ్యవు.

బావమరిది: లైసెన్సుకి డబ్బు కట్టి, పదిమంది చూస్తుండగా నీళ్ళలో పడి లేస్తూ కూర్చోవాలా?

బావ: పదిమంది ఉండటమే మంచిది.

బావమరిది: రాడ్డు తెస్తాను. కార్లోనే పెడతాను.

బావ: కారు తాళాలు నా దగ్గరుంటాయి.